పోలండ్ పల్లెలో విచారణ గురువు: ఆ పెద్దరికం ఎలా వచ్చింది, ఎందుకు సడలుతోంది

సంక్షిప్తంగా: పోలండ్ గ్రామాల్లో విచారణ గురువు, అంటే ఊరి చర్చి బాధ్యత చూసే కాథలిక్ ఫాదర్, పలుకుబడి వెయ్యేళ్లుగా ఒకే తీరున సాగివచ్చినది కాదు. మొదట్లో ఆయన భూస్వామి నియమించిన మాన్యందారు. పందొమ్మిదో శతాబ్దంలో దేశం మూడు ముక్కలుగా ఉన్నప్పుడు రైతుకు రాతకోతలు చూసే మనిషి, కొన్నిచోట్ల అప్పు ఇప్పించే మనిషి కూడా అయ్యాడు. కమ్యూనిస్టు ప్రభుత్వానికి లొంగని స్థానిక పెద్దగా ఆయన గౌరవం తారస్థాయికి చేరింది. ఈ బాధ్యతల్లో చాలావరకు ఇప్పుడు ఇతరుల చేతికి వెళ్లిపోయాయి. నేటి తగ్గుదలలో విశ్వాసం సన్నగిల్లడం ఎంత ఉందో, ఈ చేజారడం కూడా అంతే ఉంది.

ఒకే దేశం, రెండు లెక్కలు

ఏటా ఒక ఆదివారం, సాధారణంగా అక్టోబరులో, పోలండ్ చర్చిల్లో తలలు లెక్కపెడతారు. పూజకు రావలసిన కాథలిక్కుల్లో నిజంగా ఎందరు వచ్చారో తేల్చే లెక్క ఇది. 2019లో 36.9 శాతం మంది వచ్చారు. కోవిడ్ ఆంక్షల నడుమ 2021లో అది 28.3కు పడిపోయింది. ఆంక్షలు పోయాక 2022లో 29.5 దగ్గర ఆగింది. అంటే కోవిడ్‌కు ఇల్లు పట్టినవారిలో చాలామంది మళ్లీ చర్చి గడప తొక్కలేదు. 2011 జనాభా లెక్కల్లో కాథలిక్కులమని రాయించుకున్నవారు 87.6 శాతం ఉంటే 2021లో 71.3 శాతమే. గురువిద్యాలయాల్లో (గురువులను తయారుచేసే సెమినరీల్లో) కొత్తగా చేరినవారు 2012లో 828 మంది, 2021లో 356 మంది.

దేశ సగటు మాత్రం ఇక్కడ సగం కథే చెబుతుంది. ఆగ్నేయాన కొండల దిగువనున్న టార్నూవ్ పీఠంలో (బిషప్పు ఏలుబడిలోని ప్రాంతంలో) కోవిడ్ తర్వాత కూడా పదిమందిలో ఆరుగురు ఆదివారం పూజకు వస్తున్నారు. వాయవ్యాన ష్చెచిన్ వైపు అయిదుగురిలో ఒకరు వస్తే ఎక్కువ. మతం ఒకటే, భాష ఒకటే, పూజావిధానం ఒకటే. ఇంత తేడా ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు వేదాంతంలో దొరకదు. పల్లెలో గురువు ఏయే పనులు చేశాడు, ఎవరి పక్షాన నిలిచాడు, ఎవరి సొమ్ముతో బతికాడు అన్న చరిత్రలో దొరుకుతుంది.

ఒక చర్చి, దాని చుట్టూ ఉన్న కొన్ని ఊళ్లు కలిస్తే ఒక విచారణ. దాని బాధ్యత విచారణ గురువుది. పోలండ్‌లో ఆయనను ప్రొబోష్చ్ అంటారు. ఆయన కింద ఒకరో ఇద్దరో సహాయక గురువులు, చర్చిలో ఆర్గన్ వాయించే ఉద్యోగి, వంటావార్పూ చూసే గృహ నిర్వాహకురాలు ఉంటారు. ఈ చిన్న బలగమే చాలా పల్లెలకు శతాబ్దాల పాటు కార్యాలయమూ బడీ న్యాయస్థానమూ అయింది.

భూస్వామి చేతిలో చర్చి

పోలండ్ పాలకుడు మ్యేష్కో 966లో జ్ఞానస్నానం పొంది క్రైస్తవుడయ్యాడు. 1000లో గ్నియెజ్నో అగ్రపీఠం ఏర్పడింది. అక్కడి నుంచి విచారణలు పల్లెల దాకా పాకడానికి మరో రెండు మూడు శతాబ్దాలు పట్టింది. పల్లెలో చర్చి కట్టించేది సాధారణంగా అక్కడి భూస్వామి. కట్టించినందుకు ప్రతిఫలంగా గురువును ఎంపిక చేసి మేత్రాణులకు (బిషప్పుకు) ప్రతిపాదించే హక్కు అతనికీ అతని వారసులకూ దక్కేది. దీన్ని పోషక హక్కు అనేవారు. రైతుల చేత వెట్టి చేయించుకునేదీ, గురువుకు కొలువు ఇప్పించేదీ ఒకే చెయ్యి అన్నమాట. పదహారో శతాబ్దంలో ఎందరో ప్రభువులు కాల్విన్ బాట పట్టినప్పుడు వారి ఊళ్లలోని చర్చిలు కూడా వారితోపాటే ప్రొటెస్టెంట్ ప్రార్థనాలయాలయ్యాయి. కొడుకులో మనవలో పాత మతానికి తిరిగివస్తే చర్చీ తిరిగివచ్చేది. మధ్యలో రైతు అభిప్రాయం ఎవరూ అడగలేదు.

గురువు జీవనం ఎలా గడిచేదన్నది ఇంకా ముఖ్యం. పంటలో పదో వంతు చర్చికి చెల్లించాలన్నది నియమం. కోత కోశాక చర్చి తరఫు మనిషి వచ్చి పదో పన వేరుచేసుకునేదాకా మిగతా పనలు చేలోనే ఉండాలి. ఈలోగా వాన పడితే నష్టం రైతుది. అయితే ఆ పదో వంతులో పెద్ద వాటా మేత్రాణుల కొలువుకూ మఠాలకూ వెళ్లేది. పల్లె గురువు చేతికి వచ్చేవి వేరు: పూజల కోసం ఇంటింటి నుంచి కొలిచే ధాన్యం, చర్చి మాన్యం మీద రాబడి, జ్ఞానస్నానం, పెళ్లి, ఖననం లాంటి సంస్కారాలకు రుసుము. ఆ మాన్యంలోనూ చాలాచోట్ల వెట్టి రైతులే పనిచేసేవారు. ఆదివారం సమానత్వం గురించి విన్న రైతు సోమవారం అదే గురువు పొలంలో ఊరికే దున్నాల్సి వచ్చేది.

ఈ పరిస్థితి అప్పటివారి కంట పడకపోలేదు. మికొవాయ్ రెయ్ 1543లో అచ్చువేసిన సంవాద కావ్యంలో ప్రభువు, గ్రామాధికారి, గురువు ముగ్గురూ వాదులాడుకుంటారు. గురువు ప్రభువును తప్పుపడతాడు, ప్రభువు గురువును తప్పుపడతాడు, సామాన్యుడికి మాత్రం రెండు వైపుల నుంచీ కష్టమే అన్న మాట అందులోదే. పోలండ్‌లో చదువుకున్నవారికి నేటికీ అది నోట్లో నానే మాట. రైతుకూ గురువుకూ అనాదిగా కంచం పొత్తు మంచం పొత్తు అనుకునేవారికి ఆ ఒక్క వాక్యం చాలు.

మాన్యం వల్ల మరో ఫలితం కూడా కలిగింది. పొలం ఉన్న గురువు వ్యవసాయం తెలిసిన గురువు అయ్యాడు. పద్దెనిమిదో శతాబ్దంలో చెహనోవియెత్స్ విచారణ గురువు క్షిష్తోఫ్ క్లుక్ మొక్కల గురించీ సాగు పద్ధతుల గురించీ పోలిష్‌లో గ్రంథాలు రాశారు. ఆ తర్వాతి శతాబ్దంలో సైలీషియాలోని ఒక పల్లె గురువు యాన్ జ్యెర్జోన్ తేనెపట్లను గమనిస్తూ, మగ ఈగలు ఫలదీకరణ చెందని గుడ్ల నుంచి పుడతాయని తేల్చారు. విశ్వాస విషయాల్లో పోపు అధికారికంగా ప్రకటించినది పొరబాటు కాజాలదన్న సిద్ధాంతాన్ని ఆయన ఒప్పుకోలేదు. మతం ఆయనను వెలివేసింది. శాస్త్రం మాత్రం ఆయన మాటను నిలబెట్టింది.

జనన మరణాల దస్త్రం

1545 నుంచి 1563 వరకు జరిగిన కాథలిక్ చర్చి పెద్దల ట్రెంట్ మహాసభ విచారణ గురువు ఉద్యోగాన్ని తిరగరాసింది. గురువు తన విచారణలోనే కాపురముండాలి, గురువిద్యాలయంలో చదివి ఉండాలి, జ్ఞానస్నానాలూ పెళ్లిళ్లూ పుస్తకంలో నమోదు చేయాలి. 1577లో ప్యొత్రకూవ్ ప్రాంతీయ సభ ఈ నిర్ణయాలను పోలండ్ చర్చికి వర్తింపజేసింది. మొదట్లో ఈ పుస్తకాలు చర్చి సొంత అవసరానికే. వాటి విలువను పసిగట్టింది తర్వాతి ప్రభుత్వాలు. ఆస్ట్రియాను ఏలిన చక్రవర్తి రెండో జోసెఫ్ 1784లో తన ఏలుబడిలోని విచారణ పుస్తకాలను ప్రభుత్వ దస్త్రాలుగా మార్చాడు. వార్సా పరిసరాల్లో 1808లో నెపోలియన్ చట్టంతో పౌర నమోదు వచ్చింది. దాన్ని నడపడానికి పల్లెల్లో చదువుకున్న మనిషి మరొకరు లేక ఆ పనీ గురువు నెత్తినే పడింది. 1826 నుంచి అక్కడ కాథలిక్కులకు విచారణ గురువే జనన మరణాల అధికారి.

ఆ దస్త్రంలోని ఒక పద్దు చూస్తే సంగతి తేటపడుతుంది. ఫలానా ఊరిలో, ఫలానా తేదీన, మధ్యాహ్నం ఫలానా గంటకు, ఫలానా వ్యవసాయదారుడు, వయసు ఇంత, స్వయంగా హాజరై ఇద్దరు సాక్షుల ఎదుట ఒక శిశువును చూపించాడు అంటూ పద్దు మొదలవుతుంది. తల్లి పేరు, ఆమె పుట్టింటి పేరు, జ్ఞాన తల్లిదండ్రుల (జ్ఞానస్నానంలో బిడ్డకు అండగా నిలిచేవారి) పేర్లు వస్తాయి. చివరన ఇంచుమించు ప్రతి పద్దులోనూ ఒకే వాక్యం: హాజరైనవారికి రాయడం రాదు గనుక, చదివి వినిపించి మేము సంతకం చేశాము. అంటే మొత్తం కాగితం మీద సంతకం గురువుది ఒక్కటే. పాతకాలపు తెలుగు పల్లెలో కరణం చేతిలోని దస్త్రానికి ఎంత బలముండేదో ఈ పుస్తకానికీ అంతే ఉండేది. తేడా ఏమిటంటే, కరణం పొలం లెక్క రాశాడు, ఈయన మనుషుల లెక్క రాశాడు.

వారసత్వం తేల్చాలన్నా, సైన్యంలో చేర్పించుకునే వయసు నిర్ణయించాలన్నా, పెళ్లికి అర్హత చూపాలన్నా ఈ పుస్తకం నుంచి నకలు కావలసిందే. పెళ్లికి ముందు వరుసగా మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చర్చిలో చదివేవారు. ఎవరికైనా అభ్యంతరముంటే అప్పుడే చెప్పాలి. అప్పుడు వార్సా పరిసరాలను ఏలుతున్న రష్యా మీద పోలిష్‌వారి 1863 తిరుగుబాటు తర్వాత ఆ ప్రభుత్వం ఈ దస్త్రం మీదా చెయ్యి వేసింది. 1868 నుంచి పద్దులన్నీ రష్యన్‌లో రాయాలని ఆజ్ఞాపించింది. లాటిన్‌లో పూజ చేసి, పోలిష్‌లో ప్రసంగించి, ఆ వెంటనే రష్యన్ లిపిలో పద్దు రాయడం గురువు దినచర్య అయింది. పౌర నమోదు పూర్తిగా ప్రభుత్వ కార్యాలయాలకు మారింది 1946 జనవరి 1న. గురువు చేజారిన తొలి పెద్ద బాధ్యత ఇదే. కమ్యూనిస్టులతో పోరు హోరులో దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

మూడు సామ్రాజ్యాలు, మూడు రకాల గురువులు

1772, 1793, 1795లలో జరిగిన మూడు విభజనలతో పోలండ్ పటం మీద లేకుండా పోయింది. 123 ఏళ్ల పాటు రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ఆ భూభాగాన్ని పంచుకుని ఏలాయి. నేటి పల్లె గురువు స్వభావం ఎక్కువగా ఈ కాలంలోనే రూపుదిద్దుకుంది, అదీ మూడు అచ్చుల్లో.

రష్యా భాగంలో ప్రభుత్వం గురువును అనుమానితుడిగా చూసింది. అందుకు కారణాలూ లేకపోలేదు. రైతు కొడుకైన గురువు ప్యోత్ర్ శ్చెగ్యెన్ని, వెట్టి రద్దుకు పోరాడమని రైతులకు బోధించే లేఖను పోపు పేరిట తానే రాసి ప్రచారం చేశాడు. 1844లో పట్టుబడి సైబీరియాకు వెళ్లాడు. 1863 తిరుగుబాటులో ఆఖరి దళాన్ని నడిపినది వూకూవ్ సహాయక గురువు స్తనిస్వావ్ బ్జూస్కా. 1865 మేలో ఆయనను బహిరంగంగా ఉరి తీశారు. ఆ ఏడాది చివర్లో జార్ ప్రభుత్వం చర్చి భూములను స్వాధీనం చేసుకుని గురువులకు జీతం ఏర్పాటు చేసింది. విచారణ ఎల్లలు దాటాలంటే అనుమతి పత్రం తప్పనిసరి చేసింది. ఈ శిక్ష అనుకోని మేలు చేసింది. పెద్ద మాన్యాలు పోవడంతో రైతుకూ గురువుకూ మధ్య పాత తగాదా సగం తీరిపోయింది. ఇద్దరినీ ఒకే పోలీసు వెంటాడుతున్నాడు. 1864లో రైతులకు భూమి ఇచ్చింది జారే అయినా, ఆ కృతజ్ఞత ఎక్కువ కాలం నిలవలేదు.

ప్రష్యా భాగంలో దెబ్బ మరో తీరుగా పడింది. బిస్మార్క్ 1870లలో కాథలిక్ చర్చి మీద చట్టాల పరంపర తెచ్చాడు. 1873 చట్టాలతో గురువుల చదువూ నియామకాలూ ప్రభుత్వ ఆమోదానికి లోబడ్డాయి. ఒప్పుకోని అగ్రపీఠాధిపతి మియెచిస్వావ్ లెదుహోఫ్‌స్కీని 1874లో జైలులో పెట్టారు. చనిపోయిన గురువుల స్థానంలో కొత్తవారు రాక చాలా విచారణలు ఖాళీగా ఉండిపోయాయి. ఆ తర్వాత జర్మన్ వలస సంఘం పోలిష్ భూములను కొనడం మొదలుపెట్టింది. దీనికి బదులుగా అక్కడి గురువులు ఎంచుకున్న ఆయుధం లెక్కల పుస్తకం. మొగిల్నో విచారణ గురువు ప్యోత్ర్ వావ్‌జిన్యాక్ పోలిష్ పరపతి సహకార సంఘాల సమాఖ్యకు నాయకత్వం వహించారు. పొలం అమ్ముకోకుండా రైతు నిలదొక్కుకోవడానికి అప్పు, ఎరువు, సాగు సలహా ఒకే కూడలిలో దొరికేలా చేశారు. 1901లో వ్జెశ్న్యా బడిలో జ్ఞానోపదేశం (మతపాఠం) జర్మన్‌లో చెప్పడాన్ని పిల్లలు నిరాకరించి బెత్తం దెబ్బలు తిన్నారు. ఆ ఘటన తర్వాత ఆ ప్రాంతంలో పోలిష్ భాష, కాథలిక్ మతం ఒకదాని నుంచి ఒకటి విడదీయరానివయ్యాయి.

ఆస్ట్రియా ఏలిన గలీషియా కథ పూర్తిగా భిన్నం. అక్కడి చక్రవర్తి కాథలిక్కే. ప్రభుత్వం గురువుకు జీతం కట్టింది, రాజాజ్ఞలు చర్చి వేదిక నుంచి చదివించింది, ప్రజలను సరైన దారిలో నడిపించే ఉద్యోగిగా చూసింది. ఫలితం 1846లో బయటపడింది. యాకుబ్ షేలా అనే నాయకుడి పేరు మార్మోగిన ఆ రైతు తిరుగుబాటులో టార్నూవ్ చుట్టుపక్కల సుమారు వెయ్యిమందిని రైతులు చంపారు. చనిపోయినవారిలో అత్యధికులు పోలిష్ ప్రభువర్గం వారూ వారి ఉద్యోగులూ. గురువుల మాటకు ఆనాడు ఆ రైతులను ఆపగలిగే బలం లేదు. తర్వాత జెసూట్ సన్యాసి సభకు చెందిన గురువు కరోల్ అంతొన్యెవిచ్ లాంటివారు ఊరూరా ప్రత్యేక ప్రార్థనా కూటాలు జరిపారు. నేడు పోలండ్‌లో అత్యంత భక్తిగల ప్రాంతం అదే టార్నూవ్. పుట్టుకతోనే వచ్చిన భక్తి కాదది. ఈ నేల మీద అరవై డెబ్బై ఏళ్ల పాటు జరిగిన పనికి ఫలితం.

గలీషియాలోనే మరో పోలిక పనికొస్తుంది. తూర్పు భాగంలోని ఉక్రేనియన్ పల్లెల్లో గ్రీకు కాథలిక్ (రోముకు లోబడుతూనే తూర్పు పూజావిధానం పాటించే) గురువులకు పెళ్లి అనుమతి ఉంది. తండ్రి తర్వాత కొడుకు, కాకుంటే అల్లుడు గురువు కావడంతో అక్కడ గురు వంశాలు ఏర్పడ్డాయి. పోలిష్ రోమన్ కాథలిక్ గురువుకు వారసులు ఉండరు. ప్రతి తరంలోనూ కొత్తవారిని వెతకాలి, ఆ కొత్తవారు పల్లెల నుంచే రావాలి.

రైతు బిడ్డ గురువైతే

పద్దెనిమిదో శతాబ్దం దాకా గురువుల్లో చిన్న ప్రభువర్గం, పట్నవాసుల బిడ్డలే ఎక్కువ. వెట్టి రద్దయ్యాక పరిస్థితి మారింది. గలీషియాలో వెట్టి 1848లో పోయింది. మరో రెండు తరాలకు రైతుబిడ్డలు ఉన్నత పాఠశాలల్లో కనిపించారు. వాళ్లకు న్యాయవాది కావాలన్నా వైద్యుడు కావాలన్నా ఏళ్ల తరబడి ఖర్చు. గురువిద్యాలయంలో తిండీ బసా దొరుకుతాయి. తెలివైన కొడుకును ఆ వైపు పంపడంలో దైవభక్తి ఎంతో, లెక్క కూడా అంతే. ఇంట్లో గురువుంటే పేదరికం దరిచేరదన్న సామెత పోలిష్‌లో ఇందుకే పుట్టింది. గురువు అయిన కొడుకు తమ్ముళ్ల చదువుకు సాయం చేసేవాడు. పెళ్లికాని చెల్లెలో విధవరాలైన తల్లో గురువింట్లో ఇల్లు నడిపేది.

కొత్తగా అభిషేకం పొందిన గురువు సొంత ఊరిలో చేసే తొలి పూజ నేటికీ ఊరి పండుగ. ఇంటి గుమ్మం నుంచి చర్చి దాకా కొమ్మలతో తోరణాలు కడతారు. తల్లిదండ్రులు కొడుకును దీవించి పంపుతారు, ఆ వెంటనే అతని దీవెన కోసం మోకాళ్ల మీద కూర్చునేది కూడా వాళ్లే. కొత్త గురువు దీవెన కోసం ఒక జత చెప్పులు అరిగినా ఫర్వాలేదని నానుడి. 1948లో ఇరవై ఎనిమిదేళ్ల సహాయక గురువు ఒకరు బొహ్న్యా దగ్గరి న్యెగోవిచ్ పల్లెకు తొలి నియామకం మీద వచ్చారు. విచారణ ఎల్లలో మోకరిల్లి నేలను ముద్దాడారు. ఆయన కరోల్ వొయ్‌తీవా, తర్వాతి కాలంలో పోపు రెండో జాన్ పాల్. విదేశాల్లో విమానం దిగగానే నేలను ముద్దాడే ఆయన అలవాటు ఆ పల్లెలోదే.

పల్లెకూ గురువుకూ మధ్య ఏడాదికోసారి లెక్క తేలే సందర్భం కొలెండా. క్రిస్మస్ తర్వాతి వారాల్లో గురువు ఆర్గన్ వాయించేవాడినీ పూజలో సాయపడే పిల్లలనూ వెంటబెట్టుకుని ప్రతి ఇంటికీ వెళతాడు. బల్ల మీద తెల్లగుడ్డ, సిలువ, కొవ్వొత్తులు సిద్ధంగా ఉండాలి. తలుపు మీద సుద్దతో ముగ్గురు జ్ఞానుల పేర్ల తొలి అక్షరాలూ సంవత్సరమూ రాస్తారు. గురువు పిల్లల చేత జపాలు చెప్పిస్తాడు, తగాదాలు అడుగుతాడు, ఆదివారాలు ఎగ్గొట్టినవారిని మందలిస్తాడు. ఒకప్పుడు వోట్లు, గుడ్లు, జున్ను ఇచ్చేవారు. ఇప్పుడు కవరులో డబ్బు పెడతారు. తర్వాతి రోజుల్లో ఇంటింటి వివరాలకు విచారణ కార్డులు కూడా వచ్చాయి. కోవిడ్ తర్వాత చాలా విచారణల్లో పిలిచినవారి ఇంటికి మాత్రమే వెళుతున్నారు. చిన్న మార్పులా కనిపించినా దాని బరువు తక్కువేమీ కాదు. రానివ్వకపోతే ఊరంతా చెప్పుకుంటుందన్న బిడియం పోయింది, పిలిస్తేనే వస్తారన్న వెసులుబాటు వచ్చింది.

ఎదురు తిరిగిన రైతులు

గురువు రైతుబిడ్డ అయినంత మాత్రాన గొడవలు ఆగలేదు, రూపం మార్చుకున్నాయి. గలీషియాలో గురువు స్తనిస్వావ్ స్తొయావోఫ్‌స్కీ 1875 నుంచి రైతుల కోసం పత్రికలు నడిపారు, సాగు సంఘాలు పెట్టించారు, ఎన్నికల్లో ప్రభువులకు ఓటు వేయనక్కర్లేదన్నారు. 1896లో రోము ఆయనను వెలివేసింది, మరుసటి ఏడాది లొంగిపోయాక ఎత్తివేసింది. ఆయన పత్రికలు చదివి పెరిగిన రైతులు గురువుల ప్రమేయం లేకుండానే సొంత పార్టీ పెట్టుకున్నారు. టార్నూవ్ మేత్రాణులు లెయోన్ వవెంగా ఆ పార్టీ పత్రికలను చదవవద్దని ఆంక్ష పెట్టారు. ఆదివారం పూజ మానని రైతులు సోమవారం ఆ పత్రికే చదివారు. వ్యెష్‌హొస్వావిత్సే అనే పల్లె నుంచి వచ్చి మూడుసార్లు ప్రధానమంత్రి అయిన వింత్సెంతి వితోస్ ఆ తరం మనిషే. చర్చికి వెళ్లడం, గురువు చెప్పిన అభ్యర్థికి ఓటు వేయకపోవడం ఈ ప్రాంతంలో పక్కపక్కనే సాగాయి. బయటివారు తరచు పొరబడేది ఇక్కడే.

రుసుముల తగాదా ఇంకా లోతైనది. సంస్కారాలకు ధర లేదు, ఎంత తోస్తే అంత ఇవ్వండి అన్నది చర్చి మాట. ఎంత తోచాలో గురువుకు ముందే తెలుసన్నది రైతు ఎకసెక్కెం. ప్వోట్స్క్ పీఠంలో ఫెలిక్సా కొజ్వోఫ్‌స్కా అనే సన్యాసిని చుట్టూ చేరిన గురువులు సరళంగా బతుకుతూ, రుసుము లేకుండా సంస్కారాలు జరిపారు. 1906లో వారిని చర్చి వెలివేసింది. కొన్ని ఊళ్లలో ఊరి సగం కొత్త చర్చి వెంట వెళ్లిపోయింది. వీరినే మరియావిట్‌లు అంటారు. వారి తొలి ఆకర్షణలో ఆమెకు కలిగాయన్న దర్శనాలు ఎంతో, ఉచిత ఖననం కూడా అంతే పనిచేసింది.

కమ్యూనిస్టుల కాలం: తలుపు తాళం ఎవరి దగ్గర

నాజీ ఆక్రమణలో పోలండ్ గురువుల్లో సుమారు అయిదో వంతు ప్రాణాలు కోల్పోయారు. దఖావ్ శిబిరంలో ఖైదైన సుమారు 1,780 మంది పోలిష్ మతగురువుల్లో 868 మంది చనిపోయారు. యుద్ధం తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం ఈ త్యాగం తెచ్చిన గౌరవాన్ని ఎదుర్కోవాల్సి వచ్చింది.

1950 మార్చి చట్టంతో చర్చి పెద్ద భూములు పోయాయి. విచారణ గురువుకు మాత్రం 50 హెక్టార్ల వరకు (పోజ్నాన్, పొమొరే, సైలీషియా ప్రాంతాల్లో 100 వరకు) ఉంచారు. పల్లె గురువుతో నేరుగా తలపడకూడదన్న జాగ్రత్త ఇందులో కనిపిస్తుంది. 1953లో నియామకాలకు ప్రభుత్వ ఆమోదం కావాలన్న ఉత్తర్వును పోలండ్ చర్చి అధిపతి కార్డినల్ స్తెఫాన్ విషిన్‌స్కీ తిరస్కరించి మూడేళ్లు నిర్బంధంలో గడిపారు. అదే కాలంలో సమష్టి వ్యవసాయం రుద్దబోయి, 1956 తర్వాత ప్రభుత్వం చేతులెత్తేసింది. సొంత పొలం నిలుపుకున్న రైతు, సొంత చర్చి నిలుపుకున్న గురువు: సోవియట్ కూటమిలో మరెక్కడా ఇంత విస్తారంగా లేని జంట ఇది. ఉద్యోగం పోతుందన్న భయం లేని రైతు ధైర్యంగా చర్చికి వెళ్లగలడు. ఆ రైతు ఇచ్చే కానుకతో బతికే గురువు ప్రభుత్వ జీతానికి ఎదురుచూడనక్కర్లేదు.

1961కల్లా బడుల్లో మతబోధ పూర్తిగా ఆగిపోయింది. గురువింటి గదులూ రైతుల ఇళ్లూ జ్ఞానోపదేశ కేంద్రాలయ్యాయి. 1963 నుంచి రహస్య పోలీసులు ప్రతి గురువు మీదా ఒక ఫైలు తెరిచారు. కొత్త చర్చి కట్టడానికి అనుమతి దొరికేది కాదు. ప్షెమిషల్ మేత్రాణులు ఇగ్నత్సి టొకార్చుక్ అనుమతి కోసం ఆగడం మానేశారు. ఒక రైతు తన స్థలంలో ధాన్యం కొట్టమో ఇల్లో కడుతున్నట్లు మొదలుపెట్టేవాడు. గోడలు రహస్యంగా లేచేవి. ఒక రాత్రి ఊరంతా చేరి పైకప్పు వేసి సిలువ నిలబెట్టేవారు. తెల్లవారేసరికి లోపల పూజ జరుగుతూ ఉంటుంది. జనం నిండిన కట్టడాన్ని కూల్చాలంటే పోలీసులూ వెనకాడేవారు. ఆ పీఠంలో ఇలా వందల చర్చిలు లేచాయి. అన్నిచోట్లా ఇదే జరగలేదు. గ్రూయెత్స్ దగ్గరి జ్బ్రోషా దూజాలో గురువు చెస్వావ్ సద్వోఫ్‌స్కీ, రైతులూ కలిసి ఏర్పాటు చేసుకున్న ప్రార్థనాలయాన్ని 1972లో అధికారులు ధ్వంసం చేశారు. అదే ఊరిలో 1978లో రైతుల ఆత్మరక్షణ సంఘం పుట్టింది. 1981లో జెషూవ్, ఉస్త్‌షికి పట్టణాల్లో రైతులు ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల్లో భూమి హక్కుతోపాటు చర్చి కట్టడాల అనుమతి కూడా చోటు చేసుకుంది. 1984లో రహస్య పోలీసులు హత్య చేసిన వార్సా గురువు యెజీ పొపియెవూష్కో ఓకొపి అనే పల్లెలో రైతు దంపతుల బిడ్డ.

వాయవ్యం ఎందుకు వేరయిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. 1945 తర్వాత జర్మన్లు వెళ్లగొట్టబడిన ఆ నేలలో తూర్పు నుంచీ మధ్య పోలండ్ నుంచీ వచ్చినవారు స్థిరపడ్డారు. పక్కింటివారి యాస కూడా కొత్తే. తరతరాల శ్మశానం లేదు, తాత కట్టిన చర్చి లేదు. పెద్ద ఎస్టేట్లు ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలయ్యాయి. అక్కడ పనిచేసేవాడు కూలీ, సొంతదారు కాదు. రోము ఆ ప్రాంతానికి శాశ్వత పీఠాలు ఏర్పరచింది 1972లోనే. గురువు చుట్టూ అల్లుకునే బంధుత్వమూ పొలమూ జ్ఞాపకమూ అక్కడ లేవు. అందుకే అక్కడ కట్టు తొందరగా వదులయింది.

గెలిచాక వచ్చిన చిక్కు

కమ్యూనిస్టు పాలన పోయాక 1990లో మతబోధ తిరిగి బడిలోకి వచ్చింది. ఆనాడు దీన్ని విజయంగా చూశారు. పర్యవసానం వేరుగా ఉంది. గురువింటి గదికి ఇష్టపడి వచ్చిన పిల్లవాడే ఇప్పుడు గంట కొట్టగానే తరగతిలో కూర్చోవాలి. గురువు జీతం తీసుకునే ఉపాధ్యాయుల్లో ఒకడయ్యాడు. ఎన్నికల్లో ఎవరికి ఓటు వేయాలో సూచించే గురువుకు ఇప్పుడు ఎదురుగా ఉన్నది పరాయి ప్రభుత్వం కాదు, ఊరిలోనే రెండు పార్టీలుగా ఉన్న విశ్వాసులు. ఒక పక్షాన నిలిస్తే రెండో సగం దూరమవుతుంది. దీని మీద బాలల లైంగిక వేధింపుల కేసులు పడ్డాయి. అంతకంటే ఎక్కువగా, తెలిసీ గురువులను ఒక విచారణ నుంచి మరో విచారణకు మార్చిన తీరు జనాన్ని కుదిపింది. 2020 నుంచి కార్డినల్ హెన్రిక్ గుల్బినోవిచ్ సహా పలువురు చర్చి పెద్దల మీద రోము చర్య తీసుకుంది. పల్లెల్లో బదిలీ అంటే ఇప్పుడు ముందుగా వచ్చే ప్రశ్న ఎందుకు అన్నదే.

ఈలోగా పల్లె కూడా మారింది. ఇంటికి ఒకరిద్దరు పిల్లలే. తెలివైన కొడుకు ముందు విశ్వవిద్యాలయముంది, యూరోపియన్ యూనియన్‌లో చేరాక ఐర్లండ్, జర్మనీ కూడా ఉన్నాయి. సాగు రాయితీ దరఖాస్తు నింపడానికి సలహాదారు ఉన్నాడు, అప్పుకు బ్యాంకు ఉంది. గురువు కావడం ఒకప్పుడు పేద ఇంటికి మెట్టు. ఇప్పుడు అది మెట్టు కాదు, త్యాగం. త్యాగానికి సిద్ధపడేవారు ప్రతి తరంలోనూ ఉంటారు కానీ వందల్లో ఉండరు.

దీని ప్రభావం ముందుగా కనిపించేది సహాయక గురువు పోస్టులో. అది ఖాళీ అవుతుంది, ఆ తర్వాత పక్క విచారణ బాధ్యత కూడా అదే గురువు మీద పడుతుంది. గురువిద్యాలయాలు ఒకదానిలో మరొకటి కలిసిపోతున్నాయి. జర్మనీ విచారణల్లో పనిచేసే విదేశీ గురువుల్లో భారతీయులూ పోలిష్‌వారూ అందరికంటే ఎక్కువ. పోలండ్ తన గురువులను వెనక్కి పిలుచుకోవలసిన రోజు వస్తే ఆ లోటు భరించేది జర్మనీయే, పూడ్చుకోవడానికి చూసేది బహుశా భారత్ వైపే.

డబ్బు వ్యవహారమూ తేలాలి. 1950లో భూములు తీసుకున్నందుకు బదులుగా పెట్టిన చర్చి నిధి నేడు ముఖ్యంగా గురువుల పింఛను, ఆరోగ్య బీమా చందాలు కడుతోంది. దాన్ని ఎత్తివేస్తామని పాలక కూటమి చెబుతూ వస్తోంది, ఏ పద్ధతిలో అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. 2025 సెప్టెంబరు నుంచి బడిలో మతబోధ వారానికి ఒక గంటకు తగ్గింది. దానితో గురువు జీతపు పద్దులోనూ కోత పడింది. చర్చి పని మీద గురువు కట్టే పన్ను మాత్రం ఆదాయాన్ని బట్టి ఉండదు. విచారణ ఎల్లల్లో నివసించే మొత్తం జనాభాను బట్టి మూడు నెలలకోసారి నిర్ణీత మొత్తం కట్టాలి. ఆ జనాభాలో చర్చికి వచ్చేవారెందరు అన్నది పన్ను శాఖ అడగదు. టార్నూవ్ దగ్గరి విచారణకూ ష్చెచిన్ దగ్గరి విచారణకూ జనాభా సమానమైతే పన్నూ సమానమే, ఆదివారం కానుకల పళ్లెంలో పడేది మాత్రం వేరు.